మడత చాకుల సేకరణ, మలచుకోవడం: ఒపినెల్‌తో మొదలుపెట్టేవారికి

మడత చాకులను సేకరించే అభిరుచికి, వాటిని మన చేతికి నచ్చినట్టు మార్చుకునే అభిరుచికి మధ్య ఒక పేచీ ఉంది. సేకరణలో విలువంతా వస్తువు చెక్కుచెదరకుండా ఉండటంలో ఉంటుంది. మలచుకోవడంలో ఆనందమంతా దాన్ని చెక్కడంలోనే ఉంటుంది. రెండు కోరికలనూ ఒకే చాకు మీద తీర్చుకోబోయినవారు రెంటికీ చెడ్డ రేవడులవుతారు. అందువల్ల మొదటి చాకు కొన్న రోజునే రెండు పెట్టెలు వేరుగా పెట్టుకుని, ఒకదానిలో ముట్టుకోకూడనివి, రెండవదానిలో ఆకురాయి కిందకు వెళ్లేవి అని నిర్ణయించుకోవడం మంచిది. ఈ రెండు పనులకూ సరిపోయే చాకు ఏదని అడిగితే నేను ఫ్రాన్స్‌కు చెందిన ఒపినెల్‌నే చెబుతాను.

అందుకు కారణం దాని కట్టుబడిలోని సరళత. ఇప్పటి ఒపినెల్‌లో ఉన్నవి ఐదు భాగాలే: కొయ్య పిడి, అలుగు, ఆ రెండింటినీ కలిపే ఇరుసు మేకు, పిడి మొదట బిగించిన ఉక్కు పొన్ను, ఆ పొన్ను మీద తిరుగుతూ అలుగును కదలనీయకుండా పట్టే ఉంగరం. స్ప్రింగులు, మరలు, పొరలు పొరలుగా పేర్చిన రేకులు ఇందులో లేవు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకును విప్పితే తిరిగి బిగించడానికి వర్క్‌షాపు కావాలి; దీనికి వంటింటి బల్ల చాలు. ధర కూడా పేరున్న మడత చాకులలో బాగా తక్కువ కాబట్టి, ఒకటి పాడైనా ప్రాణం ఉసూరుమనదు.

ఇక సేకరణ సంగతి. కొత్తగా మొదలుపెట్టినవారు సాధారణంగా కంటికి నచ్చిన ప్రతి చాకునూ కొంటారు, ఏడాది తిరిగేసరికి వారి దగ్గర ఒకదానితో ఒకటి పొంతన లేని కుప్ప మిగులుతుంది. పరిధిని ఇరుకుగా గీసుకున్నప్పుడే సేకరణకు ఒక రూపం వస్తుంది. ఒపినెల్‌లో ఆ పరిధిని తయారీదారులే గీసిపెట్టారు. 1890లో సవోయ్ ప్రాంతపు కొండల్లో పనిముట్లు చేసే కుటుంబానికి చెందిన 18 ఏళ్ల జోసెఫ్ ఒపినెల్ ఈ చాకుకు రూపమిచ్చాడు. 1897 నాటికి 1 నుంచి 12 వరకు సంఖ్యలతో పన్నెండు పరిమాణాలు ఏర్పడ్డాయి. వీటిలో 1, 11 సంఖ్యల తయారీని 1935లో ఆపివేశారు. కాబట్టి ఇప్పటి వరుస 2 నుంచి 10 వరకు, ఆపైన 12: మొత్తం పది. రెండో సంఖ్య అలుగు 3.5 సెంటీమీటర్లు, ఎనిమిదోది 8.5, పన్నెండోది 12. పదింటినీ ఒక చెక్కపలక మీద వరుసగా అమర్చడం చాలామంది పెట్టుకునే తొలి లక్ష్యం, అది తేలికగా తీరేదే. ఆ తరువాతే అసలు వేట మొదలవుతుంది, ఎందుకంటే ఒకే ఎనిమిదో సంఖ్యలో కాలాన్ని బట్టి వచ్చిన మార్పులను వెతికి పట్టుకోవడానికి కన్ను తయారవ్వాలి.

పాత ఒపినెల్ చేతికి దొరికినప్పుడు ముందుగా పొన్ను దగ్గర చూడాలి. తిరిగే ఉంగరాన్ని 1955లో ప్రవేశపెట్టారు. దానికి వైరోబ్లాక్ అని పేరు. కాబట్టి 6 లేదా అంతకంటే పెద్ద సంఖ్య గల చాకుకు ఆ ఉంగరం లేకపోతే, ఎవరూ ఊడదీయలేదని రూఢి చేసుకున్న తరువాత, అది 1955కు ముందుదని అనుకోవచ్చు. 2 నుంచి 5 వరకు ఉన్న చిన్న చాకులకు ఉంగరం నేటికీ ఉండదు గనుక వాటి విషయంలో ఈ గుర్తు పనికిరాదు. చాకు మూసి ఉన్నప్పుడు కూడా ఉంగరం తిప్పితే అలుగు బయటకు రాకుండా బిగుసుకుంటే అది 2000 తరువాతి మార్పు. అలుగు మీద కిరీటం కింద చేయి ముద్ర ఉంటుంది. దాన్ని 1909లో నమోదు చేశారు. ఆ చేయి సెయింట్-జాన్-ద-మోరియెన్ పట్టణ చిహ్నంలోని బాప్తిస్మమిచ్చు యోహాను చేయి, ఆ కిరీటం సవోయ్ ప్రభువంశానిది. ముద్ర పక్కన ఇనాక్స్ అని ఉంటే తుప్పు పట్టని ఉక్కు, కార్బోన్ అని ఉంటే కార్బన్ ఉక్కు.

ఇతర చాకులను ఎంచుకునేవారికి కూడా ఇలాంటి ఆనవాళ్లు దొరుకుతాయి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫోర్డ్‌లో తయారయ్యే కేస్ చాకుల అలుగు మీద, పిడికి ఆనుకున్న చోట, 1970లో పది చుక్కలు కొట్టి, ఆపైన ఏడాదికి ఒక చుక్క చొప్పున తగ్గిస్తూ వచ్చారు. కనుక ఆ వరుసలో నాలుగు చుక్కలున్నది 1976 నాటిది. వాటి నమూనా సంఖ్యకు కూడా అర్థముంది: 6254లో 6 ఎముక పిడిని, 2 అలుగుల లెక్కను, 54 ఆకారాన్ని చెబుతాయి. ఫ్రాన్స్‌కే చెందిన లగియోల్ చాకుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది ఒక ఊరి పేరు, ఒక ఆకారపు పేరు; ఒక కంపెనీ సొత్తు కాదు. ఆ పేరు చెక్కి ఉన్నంత మాత్రాన చాకు ఆ ఊరిలో పుట్టినదని నమ్మి డబ్బు పోయకూడదు.

పాతదాన్ని కొనే ముందు అలుగును సగం తెరిచి పక్కలకు కదిపి చూడాలి. కొద్దిగా ఊగితే ఫరవాలేదు గాని, పొన్ను దగ్గర పిడి చీలి ఉంటే వదులుకోవడమే మేలు. అలుగు ఆకారాన్ని కొత్తదాని ఫొటో పక్కన పెట్టి పోల్చితే సానపట్టి సానపట్టి ఎంత అరిగిందో తెలుస్తుంది. మిలమిలలాడే పాత చాకును అనుమానించాలి, ఎందుకంటే దశాబ్దాల నాటి కార్బన్ ఉక్కు సహజంగా బూడిదరంగులో మచ్చలు మచ్చలుగా ఉంటుంది, దాన్ని చక్రం మీద పట్టి మెరిపించారంటే ముద్ర కూడా కొంత అరిగిపోయి ఉంటుంది. ఇంటికి తెచ్చాక పాతదానికి చేయదగిన సేవ చాలా కొద్ది: ఎర్ర తుప్పును నూనెలో ముంచిన సన్నని ఉక్కుపీచుతో నెమ్మదిగా తీయడం, ఇరుసులో ఒక చుక్క నూనె వేయడం. నల్లబడిన పొర ఎర్ర తుప్పు కాదు; దానిని తీసివేయకూడదు. అంతకు మించి ఏమి చేయాలన్నా రెండవ పెట్టె వైపు చూడాలి.

చట్టం విషయాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దగ్గర మడత చాకు అనగానే సినిమా రౌడీ గుర్తుకు రావడం వల్ల ఇంట్లోవారు ఉలిక్కిపడటం సహజమే. ఆయుధాల చట్టం, 1959 కింద చేసిన నిబంధనలు 9 అంగుళాలకంటే పొడవైన లేదా 2 అంగుళాలకంటే వెడల్పైన అలుగు గల కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మామూలు జేబు చాకు ఈ కొలతలకు చాలా దిగువనే ఉంటుంది. అయితే స్ప్రింగుతో, మీటతో ఎగిరి తెరుచుకునే చాకుల సంగతి వేరు. ఢిల్లీలో వాటి మీద ప్రత్యేక నోటిఫికేషన్ ఉంది, ఇతర చోట్ల కూడా పోలీసులు వాటిని మంచి దృష్టితో చూడరు. ఈ అభిరుచిలో అలాంటివాటి జోలికి పోకపోతే కోల్పోయేదేమీ లేదు. విమానంలో ఏ చాకునూ చేతిసంచిలో పెట్టకూడదు, లగేజీలో వేయాలి. బ్రిటన్‌లో ఉండే తెలుగువారు ఇంకొక సంగతి గమనించాలి: అక్కడ తగిన కారణం లేకుండా వెంట తిప్పుకోదగినది అలుగు 3 అంగుళాలకు మించని, తెరిచినప్పుడు బిగుసుకోని మడత చాకు మాత్రమే. ఉంగరంతో బిగుసుకునే ఎనిమిదో సంఖ్య ఒపినెల్ ఆ మినహాయింపులోకి రాదు కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచుకోవాలి.

పిడిని మలచడం

మార్పులకు కొత్త ఎనిమిదో సంఖ్య చాకును, అందులోనూ కార్బన్ ఉక్కు రకాన్ని తీసుకోవాలి. మొదట అలుగును మూసి, ఉంగరం చీలికను అలుగు దారికి ఎదురుగా తిప్పి, సర్క్లిప్ పట్టకారు రెండు మొనలనూ ఆ చీలికలో పెట్టి కొద్దిగా విప్పారేట్టు చేసి పైకి లాగితే ఉంగరం ఊడివస్తుంది. అది చటుక్కున ఎగిరిపడే అవకాశం ఉన్నందున కళ్లద్దాలు పెట్టుకోవాలి, మరీ ఎక్కువగా విప్పితే మళ్లీ బిగువుగా కూర్చోదు. ఇరుసు మేకును మాత్రం మొదటి చాకులో కదిలించవద్దు. దాన్ని తీయాలంటే తలను ఆకురాయితో అరగదీసి, సన్నని పోగరతో కొట్టి బయటకు పంపాలి. తిరిగి బిగించేటప్పుడు కొత్త మేకు తలను సుత్తితో సాగగొట్టాలి. ఆ పని చేయి కుదిరాక చేయదగినది. అలుగును తెరిచి, మొన నుంచి మొదలు వరకు మందపాటి టేపు రెండు చుట్లు చుట్టి, దాని మీదనే పనంతా చేయవచ్చు.

పిడి బీచ్ కొయ్యతో, వార్నిషు పూతతో వస్తుంది. 120 నంబరు గరుకు కాగితంతో వార్నిషు పూర్తిగా పోయేవరకు, కొయ్య చారల వెంబడి మాత్రమే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే గీతలు రంగు వేసినప్పుడు బయటపడతాయి. ఆకారం మార్చదలచినవారు ఈ దశలోనే అరగుండ్రటి ఆకురాయితో పిడి పొట్టను పలచన చేసుకోవచ్చు, చూపుడువేలు ఆనే చోట చిన్న పల్లం తీయవచ్చు. ఎంత తీయవచ్చుననేదానికి హద్దు అలుగు ఇమిడే గాడి. ఆ గాడికి రెండు వైపులా ఉన్న గోడలను మరీ సన్నం చేస్తే ఒకనాటి వాన తేమకే చీలుతాయి, పొన్ను కింద ఉన్న మెడను అసలు ముట్టుకోకూడదు. ఆపైన 220, 320, 400 నంబర్ల కాగితాలు వరుసగా వాడాలి. 320 తరువాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే అణగి ఉన్న పీచు పైకి లేస్తుంది, 400తో దాన్ని తీసేస్తే పిడి నున్నగా వస్తుంది. కొయ్య ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ముక్కుకు మాస్కు తప్పనిసరి.

రంగు విషయంలో దుకాణంలో దొరికే వుడ్ స్టెయిన్ కంటే నాకు మన కరక్కాయ నలుపే ఎక్కువ ఇష్టం. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ ద్రావణంలో ముంచి ఆరబెట్టి, బెల్లం నీటిలో ఇనుము ఊరబెట్టి చేసిన ద్రావంతో గీతలు గీస్తారు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసినచోట నలుపు పుడుతుంది. అదే రసాయనం కొయ్య మీద కూడా పనిచేస్తుంది. బీచ్ కొయ్యలో సొంతంగా టానిన్ తక్కువ, అందుకే ఇనుప ద్రావం ఒక్కటే పూస్తే బూడిదరంగు దగ్గర ఆగిపోతుంది. ముందుగా ఒక గాజుసీసాలో తెల్ల వెనిగర్ పోసి, సబ్బుతో కడిగిన ఉక్కుపీచు ఉండను అందులో వేసి ఒకటి రెండు రోజులు ఉంచాలి. ఆ సమయంలో హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక మూత బిగించకూడదు, దగ్గరలో మంట ఉండకూడదు. మరొక గిన్నెలో గింజ తీసి దంచిన కరక్కాయ పెచ్చులను నీటిలో మరిగించి వడకట్టుకోవాలి. కరక్కాయ నీటిని పిడికి పూసి పూర్తిగా ఆరనిచ్చి, రెండవసారి పూసి మళ్లీ ఆరనివ్వాలి. ఆపైన వడకట్టిన ఇనుప ద్రావాన్ని కుంచెతో ఒక పూత వేయగానే, లేత పసుపుగా ఉన్న కొయ్య కళ్ల ముందే మొదట ఊదాగా, తరువాత బొగ్గులా మారుతుంది. ఈ నలుపు రంగు పూతలా పైన నిలబడదు, పీచులోకి దిగుతుంది. చారలు లోపలి నుంచి కనబడుతూనే ఉంటాయి. ఒక రోజు ఆరాక 400 కాగితంతో చేయి బరువు లేకుండా ఒక్కసారి తుడిచి నూనెకు వెళ్లవచ్చు.

నూనెగా అవిసె నూనె సరిపోతుంది. రంగుల దుకాణాల్లో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అనే పేరుతో దొరికేది త్వరగా ఆరుతుంది. పలచని పూత వేసి, పావుగంట తరువాత మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా మిగిలి ధూళిని పట్టుకుంటుంది. రోజుకొక పూత చొప్పున మూడు నాలుగు వేయాలి. అయితే నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలకు పడేయకూడదు. ఆరుతున్న అవిసె నూనె వేడిని పుట్టిస్తుంది, నలిగిన గుడ్డలో ఆ వేడి బయటకు పోలేక తనంతట తానే అంటుకుంటుంది. గుడ్డను ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. చివరిగా కొద్దిగా తేనెమైనం రుద్ది మెరుగుపెడితే చేతికి పట్టు వస్తుంది. గాడి లోపల, ఇరుసు చుట్టూ కూడా నూనె పట్టించడం మరువవద్దు. బీచ్ కొయ్య తేమకు ఉబ్బుతుంది. వానకాలంలో అలుగు గోరుకు అందక మొరాయించడానికి కారణం అదే. అప్పుడు సవోయ్ రైతుల పద్ధతి ఒకటుంది: ఉంగరం తెరిచి ఉంచి, పిడి వెనుక కొసను బల్ల మీద ఒక దెబ్బ కొడితే అలుగు కొంచెం పైకి లేస్తుంది.

అలుగు, వాదర

కార్బన్ ఉక్కు అలుగును మనమే నల్లబరచవచ్చు. ఆవకాయ రోజుల్లో మామిడికాయ తరిగిన ఇనుప కత్తిపీట ఎందుకు నల్లబడుతుందో అందరికీ తెలిసిందే, ఇక్కడ చేసేది కూడా ఆ పనే. టేపు తీసి, అలుగును సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచి వేలిముద్ర కూడా లేకుండా చేయాలి. పొడవాటి గ్లాసులో గోరువెచ్చని వెనిగర్ పోసి అలుగును నిలువుగా ముంచితే పదిహేను ఇరవై నిమిషాల్లో బూడిదరంగు పొర ఏర్పడుతుంది. పొన్ను, పిడి తడవకుండా చూసుకోవాలి. బయటకు తీసి వంటసోడా కలిపిన నీటితో కడిగి, వెంటనే తుడిచి నూనె రాయాలి. లోతైన రంగు కావాలంటే ఇదే మళ్లీ చేయాలి. మచ్చలు మచ్చలుగా నమూనా కావాలనుకునేవారు ఆవపిండి ముద్దను వెనిగర్‌తో కలిపి వేలితో అక్కడక్కడ అద్దుతారు. నా మట్టుకు పచ్చి మామిడికాయలో అలుగును గుచ్చి అరగంట వదిలేయడమే అందమైన ఫలితాన్ని ఇస్తుంది, రెండు అలుగులకు ఒకే నమూనా ఎప్పటికీ రాదు. ఈ పొర ఎర్ర తుప్పును ఆలస్యం చేస్తుంది గాని పూర్తిగా ఆపదు. తుప్పు పట్టని ఉక్కు మీద ఇదంతా వృథా ప్రయాస.

పదును పెట్టడాన్ని అన్నింటికీ చివర పెట్టుకోవాలి, లేకుంటే పిడి రుద్దే చేతికే ఆ పదును తగులుతుంది. వీధిలో చక్రం తిప్పుతూ వచ్చే సానవారికి ఈ చాకును ఇవ్వవద్దని గట్టిగా చెబుతాను. వంటింటి కత్తులకు ఆ చక్రం బాగానే పనికివస్తుంది, కానీ నీరు లేని చక్రం మీద పలచని వాదర క్షణాల్లో వేడెక్కుతుంది. అంచున నీలిరంగు కనిపించిందంటే ఉక్కు దాదాపు 300 డిగ్రీల సెల్సియస్‌ను తాకినట్టు లెక్క, అక్కడి కాఠిన్యం పోయినట్టే. 1000 నంబరు నీటిరాయి, 3000 నంబరు రాయి, ఒక తోలుపట్టీ ఉంటే చాలు. వాదరకు రెండు వైపులా మార్కర్ పెన్నుతో రంగు పూసి, అలుగు వెన్నును రాయి నుంచి సుమారు 20 డిగ్రీలు లేపి రెండుసార్లు తోసి చూడాలి. రంగు వాదర అంచున మాత్రమే పోతే వాలు ఎక్కువైంది, పైభాగాన పోతే తక్కువైంది. వెడల్పంతా సమానంగా పోయిన వాలును మణికట్టులో నిలుపుకోవాలి. ఒకవైపు రుద్దుతుండగా అవతలివైపు బొటనవేలికి సన్నని గరుకు తగలడం మొదలయ్యాకే వైపు మార్చాలి. ఆ గరుకు అలుగు పొడవునా రాకముందే వైపు మార్చడం వల్లనే చాలామంది చాకులు గంటసేపు రుద్దినా మొద్దుగానే ఉంటాయి. 3000 రాయి మీద ఆ గరుకును పలచబరచి, తోలుపట్టీ మీద వెన్ను ముందుగా ఉండేట్టు లాగితే మిగిలినది కూడా పోతుంది.

ఉంగరాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు పట్టకారుతో విప్పారదీసి, పొన్ను మీది గాడిలో పూర్తిగా కూర్చున్నదో లేదో చుట్టూ చూడాలి. తెరిచిన అలుగును బిగించి, వెన్నును బల్ల అంచుకు ఆనించి నెమ్మదిగా నొక్కినప్పుడు ఉంగరం జారకూడదు. జారితే ఊడదీసి చీలికను చేతితో కొద్దిగా దగ్గరకు నొక్కి మళ్లీ ఎక్కించాలి. ఈ పరీక్ష తేలకుండా ఆ చాకుతో పండు కూడా కోయవద్దు.

భద్రపరచడం

తినే వస్తువులు కోసే చాకు ఇరుసులో ఆహారానికి పనికివచ్చే మినరల్ ఆయిల్ వేయాలి. నువ్వుల నూనె వంటి వంటనూనెలు కొంతకాలానికి చిక్కబడి జిగురవుతాయి. చూడటానికే ఉంచుకునేవాటికి కుట్టుమిషను నూనె చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలి వల్ల కార్బన్ ఉక్కు మీద రాత్రికి రాత్రే ఎర్రచుక్కలు లేస్తాయి కాబట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, నెలకొకసారి తీసి తుడవాలి. తోలు ఒర మోసుకెళ్లడానికి బాగుంటుంది గాని నిల్వకు పనికిరాదు. తోలు ఊనడానికి వాడిన లవణాలు, అది పీల్చుకున్న తేమ కలిసి అలుగును లోపలే తినేస్తాయి. రంగురంగుల సెల్యులాయిడ్ పిడి గల పాత చాకులు మీ దగ్గర ఉంటే వాటిని మూతబిగించిన డబ్బాలో ఇతర చాకులతో కలిపి పెట్టవద్దు. సెల్యులాయిడ్ కాలంతో పాటు శిథిలమవుతూ ఆమ్లపు ఆవిర్లను వదులుతుంది, ఆ ఆవిర్లకు పక్కనున్న ఉక్కు, ఇత్తడి కూడా చిలుము పడతాయి. పైగా అది సులువుగా అంటుకునే పదార్థం కనుక, గాలి ఆడే చోట, ఎండ తగలకుండా విడిగా ఉంచాలి.